బిడ్డ పోయిన తండ్రి ఎలా తట్టుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి

బెజవాడ_నాన్న

మొన్నటి వానాకాలంలో మా పెద్దమ్మాయి డెంగీతో చనిపోయింది. పదకొండేళ్ల పిల్ల. ఆసుపత్రిలో చేర్చిన తరువాత జ్వరం తగ్గింది, ఇడ్లీ తిన్నది, తమ్ముడితో ఫోనులో మాట్లాడి తన రంగుపెన్సిళ్లు ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పింది. మరునాటికి పరిస్థితి చేయి దాటిపోయింది. ఆ రోజు గురించి ఇంతకన్నా రాయలేను.

నేను అడగదలచుకున్నది వేరే సంగతి. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ నా భుజం మీద చేయి వేసి, "మీ ఆవిడను జాగ్రత్తగా చూసుకో, నువ్వే గుండె దిటవు చేసుకోవాలి" అని చెప్పి వెళ్లారు. దిటవు చేసుకున్నాను. మునిసిపల్ కార్యాలయం నుంచి మరణ ధ్రువీకరణ పత్రం తెచ్చాను, బడికి వెళ్లి చెప్పి వచ్చాను, ఆఫీసు పనిలో పడ్డాను. ఇటీవల రేషన్ డీలరు మా కార్డు చూసి, "ఒకరి ఈకేవైసీ పెండింగులో ఉంది, పాపను ఒకసారి తీసుకువచ్చి వేలిముద్ర వేయించండి" అన్నాడు. అతనికి విషయం తెలియదు. వెనుక వరుసలో జనం ఉన్నారు. నోట మాట రాక, సంచి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

అయినా నాకు ఏడుపు రావడం లేదు. నా భార్య మొన్న రాత్రి, "మీరు ఒక్కసారైనా ఏడవలేదు, మీకు ఎలా సాధ్యమవుతున్నది?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. ఇది ఏమైనా జబ్బా? బిడ్డను పోగొట్టుకున్న తండ్రులు ఇక్కడ ఉంటే, మీకు ఏం జరిగిందో, మీరు ఏం చేశారో చెప్పండి. ఓదార్పు మాటలు చాలా విన్నాను, అవి వద్దు.

ఓరుగల్లు_వాసి

మా అబ్బాయి చెరువులో పోయి చాలా ఏళ్లయింది. అప్పట్లో నన్ను కూడా "మీ ఆవిడ ఎలా ఉంది?" అనే అందరూ అడిగారు. కాబట్టి ముందు మిమ్మల్నే అడుగుతున్నాను. మీరు ఎలా ఉన్నారు? రాత్రి నిద్ర పడుతున్నదా? అన్నం తింటున్నారా? పాప పేరేమిటి?

నర్సాపురం_సుబ్బారావు

ఎవరి రుణం తీరితే వారు వెళ్లిపోతారు, మనం నిమిత్తమాత్రులం. ఒకసారి దంపతులిద్దరూ గోదావరి స్నానం చేసి, ఏదైనా క్షేత్రంలో మూడు నిద్రలు చేసి రండి. వయసు ఉంటే ఇంకొక బిడ్డ గురించి ఆలోచించడంలో కూడా తప్పు లేదు. ఇల్లు మళ్లీ కళకళలాడితే మనసు తేరుకుంటుంది.

సుజాత_కర్నూలు

సుబ్బారావు గారూ, మీరు మంచి మనసుతోనే రాశారని తెలుసు, అయినా ఈ మాటలు విన్నవారికి ఎలా ఉంటాయో చెప్పడం అవసరమనిపించింది. నాకు ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. "ఇంకొకరు పుడతారులే" అని మా అత్తగారి నుంచి పక్కింటివారి దాకా అందరూ అన్నారు. తరువాత మాకు బాబు పుట్టాడు, వాడంటే మాకు ప్రాణం. అయినా వాడు వాడే, ఆమె ఆమే. ఒకరి చోటులోకి మరొకరు రారు.

బెజవాడ_నాన్న గారూ, మీ భార్య స్థానంలో ఒకప్పుడు నేను ఉన్నాను కనుక ఇది కొంచెం వివరంగా రాస్తున్నాను. మా ఆయన కూడా ఏడవలేదు. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన మరుసటి వారం పొలం చుట్టూ కంచె వేయడం మొదలుపెట్టాడు. పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవాడు, నాతో పట్టుమని పది మాటలు మాట్లాడేవాడు కాదు. ఈయనకు బిడ్డ లెక్కే లేదని నేను లోలోపల నిర్ణయించేసుకున్నాను. ఒకనాడు అన్నం తీసుకుని వెళ్తే, మోటారు కొట్టం వెనుక కూర్చుని తలపాగా గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. మోటారు చప్పుడులో ఎవరికీ వినిపించదని రోజూ అక్కడికే వెళ్లేవాడట. నన్ను చూడగానే లేచి నిలబడి, "నీ ముందు ఏడిస్తే నువ్వు ఇంకా కుంగిపోతావని" అన్నాడు. ఆయన ఏడవకపోవడం వల్లనే నేను కుంగిపోతున్నానని ఆ రోజు దాకా ఆయనకు తెలియదు, నేనూ చెప్పలేదు.

మీ భార్య అడిగిన మాటను నింద అనుకోకండి. ఈ ఇంట్లో తానొక్కతే ఏడుస్తున్నట్టు ఆమెకు అనిపిస్తున్నది. రేషన్ షాపులో జరిగినది ఆమెకు చెప్పారా?

బెజవాడ_నాన్న

చెప్పలేదు. సంచి పోయిందని చెప్పాను.

ఓరుగల్లు గారూ, పాప పేరు హాసిని. ఇన్ని నెలల్లో ఆ పేరు అడిగినవారు కార్యాలయాల్లో గుమాస్తాలు మాత్రమే. నిద్ర తెల్లవారుజామున మూడు గంటలకే తెగిపోతుంది. అన్నం తింటున్నాను. బడికి రోజూ నేనే బండి మీద దింపేవాడిని, అందుకని ఆమెకు చిన్న హెల్మెట్ కొన్నాను. లోపల పట్టీకి జుట్టు అంటుకుంటుందని రోజూ గొడవ పెట్టేది. అది ఇప్పటికీ బండి హుక్కుకే ఉంది. తీయడానికి చేయి రావడం లేదు. అది వేలాడుతుండగా ఆఫీసుకు వెళ్తుంటే సిగ్నళ్ల దగ్గర అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది.

ఓరుగల్లు_వాసి

ఉండనివ్వండి. ఎవరైనా అడిగితే మా అమ్మాయి హాసినిది అని చెప్పండి. బండి మాత్రం నెమ్మదిగా నడపండి. మా వాడు చనిపోయిన ఏడాది నేను ఎన్నిసార్లు పరధ్యానంగా రైలు గేటు దాకా వెళ్లిపోయానో నాకే తెలియదు.

పిల్లల_డాక్టరు

ఓరుగల్లు గారు బండి గురించి చెప్పింది చిన్న విషయం కాదు. డెన్మార్క్‌లో బిడ్డలను పోగొట్టుకున్న 21,062 మంది తల్లిదండ్రుల వివరాలను ఏళ్ల తరబడి పరిశీలించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. తల్లుల్లో జబ్బుల వల్ల కలిగే మరణాలు కూడా పెరిగినట్టు తేలింది. తండ్రుల విషయంలో బిడ్డ పోయిన తొలి సంవత్సరాల్లో ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి అసహజ మరణాలే ఎక్కువగా కనిపించాయి. ధైర్యంగా ఉన్నాడని అందరూ అనుకునే మనిషి గురించే ఎక్కువ జాగ్రత్త పడవలసి ఉంటుంది.

ఇక మీరు రాయకుండా ఆపేసిన ఆ రోజు గురించి ఒక మాట, ఎందుకంటే దాదాపు ప్రతి తండ్రీ నన్ను ఇదే అడుగుతారు. డెంగీలో అపాయం జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగే సమయంలో మొదలవుతుంది. అప్పుడు కొందరు పిల్లల్లో రక్తంలోని ద్రవం నాళాల నుంచి బయటికి కారిపోయి, రక్తపోటు పడిపోయి, ఒక రోజు, రెండు రోజుల్లోనే షాక్‌లోకి వెళ్లిపోతారు. జ్వరం తగ్గింది, ఇడ్లీ తిన్నది, కోలుకున్నదని మీరు అనుకోవడం లోకంలో ఏ తండ్రి అయినా అనుకునేదే. తెల్లవారుజామున మూడు గంటలకు మీరు ఏ ప్రశ్నతో లేస్తున్నారో నేను ఊహించగలను. పాపను చూసిన వైద్యుడిని కలిసి, కేసు షీటు ముందు పెట్టుకుని, ఏ గంటకు ఏం జరిగిందో అడగండి. చాలామంది తండ్రులకు ఆ ఒక్క సంభాషణ ఎంతో అవసరమవుతుంది.

ఏడుపు రాకపోవడం జబ్బు కాదు. కొందరికి దుఃఖం కన్నీళ్లుగా వస్తే, కొందరికి పనిగా, కోపంగా, ఒంటి నొప్పులుగా బయటపడుతుంది. అయితే బిడ్డ తప్ప మరే ఆలోచనా లేకుండా, రోజువారీ జీవితం సాగనంత తీవ్రంగా దుఃఖం నెలల తరబడి తగ్గకపోతే వైద్యులు దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దీనికి కనీస గడువు ఆరు నెలలు, అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో పెద్దవారికి పన్నెండు నెలలు.

గుంటూరు_శ్రీను

డాక్టరు గారూ, దీనితో నేను ఏకీభవించలేను. కన్నబిడ్డ పోయిన మనిషి ఆరు నెలలు దాటి బాధపడితే అది జబ్బా? మా నాన్నగారు మా అక్క పోయిన తరువాత జీవితాంతం దీపావళికి మతాబు వెలిగించలేదు. ఆయనకు ఏ జబ్బూ లేదు, కూతురు లేదు, అంతే.

పిల్లల_డాక్టరు

శ్రీను గారూ, మీ నాన్నగారి గురించి మీరన్నది సరైనదే. పండగ చేసుకోకపోవడాన్ని ఏ వైద్యుడూ జబ్బు అనడు, పైగా ఆ వర్గీకరణలు కూడా ఆ సమాజపు ఆచారాలకు మించి ఉన్నప్పుడే లెక్కలోకి తీసుకోవాలని చెబుతాయి. నేను రాసింది ఇంకొక రకం మనుషుల కోసం. పనికి వెళ్లలేక, తాగుడులోకి జారుతూ, తానూ వెళ్లిపోతే బాగుండునని ఆలోచించే తండ్రిని "బిడ్డ పోయినవాడు, అలాగే ఉంటాడులే" అని వదిలేయకూడదు. అటువంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు.

డల్లాస్_రమణ

మా అబ్బాయి కాలేజీ నుంచి ఇంటికి వస్తూ హైవే మీద ప్రమాదంలో పోయాడు. మా కంపెనీ ఇచ్చిన సెలవు కొద్ది రోజులు. అమెరికాలో దీనికి దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి, పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డ పోతే తల్లికీ తండ్రికీ ఇద్దరికీ రెండు వారాల సెలవు చట్టబద్ధమైన హక్కు. మన దేశంలో కూడా తండ్రికి ఇటువంటిది ఒకటి రావాలని నా గట్టి కోరిక.

నాకు ఆసరా అయినది ఒక సంఘం. పేరు కంపాషనేట్ ఫ్రెండ్స్. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఒకే ఆసుపత్రిలో పిల్లలను పోగొట్టుకున్న రెండు కుటుంబాలను అక్కడి యువ మతగురువు సైమన్ స్టీఫెన్స్ కలిపాడు, వారి కలయిక నుంచి 1969లో అది మొదలై తరువాత అమెరికాకు వచ్చింది. మా ఆవిడ బలవంతం మీద వెళ్లాను. మొదటి సమావేశంలో నేను ఒక్క మాటా మాట్లాడలేదు, ఎవరూ మాట్లాడమనలేదు. ఎదుట కూర్చున్న ఒక పెద్దాయన తన కొడుకు గురించి చెబుతూ మధ్యలో నవ్వాడు. పోయిన బిడ్డ పేరు పలికి మనిషి నవ్వగలడని నాకు అప్పటిదాకా తెలియదు. ప్రతి డిసెంబరు రెండో ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు, ఎవరి దేశంలో వారి సమయానికి, పిల్లల కోసం కొవ్వొత్తి వెలిగిస్తారు. మేము దీపం వెలిగిస్తాం.

"దుఃఖానికి అయిదు దశలుంటాయి, మీరు రెండో దశలో ఉన్నారు" అని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే వైద్యురాలు ఆ అయిదింటినీ రాసింది మరణానికి దగ్గరైన రోగులను చూసి, వారి వెనుక మిగిలినవారిని చూసి కాదు. నాకు సరిగ్గా అతికినట్టు అనిపించింది నెదర్లాండ్స్‌లో పనిచేసిన స్ట్రోబె, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిన మాట. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు దుఃఖంలోకి వెళ్తాడు, కాసేపు బతుకు పనుల్లోకి వస్తాడు, మళ్లీ వెళ్తాడు, అలా అటూ ఇటూ తిరగడమే ఆరోగ్యమని వారి వాదన. మీరు పనుల వైపు, మీ భార్య దుఃఖం వైపు ఎక్కువగా ఉండిపోయారేమో, ఆలోచించండి. ఒక్కో పని ఆమెకు అప్పగించి, ఆమె దుఃఖంలో కొంత మీరు తీసుకోండి.

నర్సాపురం_సుబ్బారావు

సుజాత గారు అన్నది చదివాను. ఇంకొక బిడ్డ మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్షేత్రం మాట మాత్రం తీసుకోను, దానికి కారణం ఉంది.

పెద్దవారు పోతే మనకు పదకొండో రోజు, పన్నెండో రోజు, మాసికాలు, సంవత్సరీకం అని ఏడాది పొడుగునా చేయవలసిన పని ఉంటుంది. మా వైపు చిన్నపిల్లలు పోతే ఖననం చేస్తారు, మూడో రోజు పాలు పోసి వస్తారు, అక్కడితో సరి. తండ్రి చేతికి చేయడానికి ఏమీ మిగలదు. మా తమ్ముడి కొడుకు పోయినప్పుడు తమ్ముడు నన్ను పట్టుకుని, "అన్నయ్యా, నాన్నకు ఏడాదంతా చేశాను, వీడికి నేను చేయగలిగింది ఏమీ లేదా?" అని అడిగాడు. పురోహితుడిని అడిగితే శాస్త్రంలో లేదన్నారు. చివరికి వాడు ప్రతి నెలా ఆ తిథి నాడు ఊరి అంగన్‌వాడీ పిల్లలకు అరటిపళ్లు పంచడం మొదలుపెట్టాడు, ఇప్పటికీ మానలేదు. ఏదో ఒక క్రమం పెట్టుకోండి. గోదావరి కాకపోతే కృష్ణ మీ ఇంటి పక్కనే ఉంది.

సుజాత_కర్నూలు

ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. మా ఆయన కంచె కూడా అదే.

సిక్కోలు_టీచరమ్మ

తమ్ముడు గురించి ఎవరూ అడగలేదు. బాబు వయసెంత? అక్క గురించి ఏం చెప్పారు?

బెజవాడ_నాన్న

ఆరేళ్లు. అక్క దేవుడి దగ్గరికి వెళ్లిందని మా అమ్మ చెప్పింది. ఎప్పుడు వస్తుందని రోజూ అడిగేవాడు, ఈ మధ్య అడగడం మానేశాడు. రంగుపెన్సిళ్ల డబ్బా అలమారలో ఉంది, దాని జోలికి వెళ్లడు.

సిక్కోలు_టీచరమ్మ

అడగడం మానేశాడంటే మరిచిపోయాడని కాదు, అడిగితే మీ ముఖాలు మారిపోతున్నాయని గమనించాడన్నమాట. మా బడిలో ఇటువంటి పిల్లలను చూశాను. నిద్రపోయింది, ఊరికి వెళ్లింది, దేవుడు తీసుకుపోయాడు అని చెబితే ఆ వయసు పిల్లలు అక్షరాలా అలాగే అర్థం చేసుకుంటారు. ఒక పిల్లవాడు నిద్రపోవడానికి భయపడేవాడు. "అక్కకు పెద్ద జబ్బు చేసింది, శరీరం పనిచేయడం ఆగిపోయింది, చనిపోయింది, ఇక రాదు, నువ్వు చేసిన దేనివల్లనూ అలా జరగలేదు" అని సూటిగా చెప్పండి. పెన్సిళ్లు ముట్టుకోవద్దని అక్క అన్న మాట వాడికి గుర్తుండే ఉంటుంది. జ్వరం వచ్చిన పిల్లలందరూ చనిపోరని కూడా తప్పక చెప్పండి, లేకపోతే తనకు జ్వరం వచ్చిన రోజు వాడు ఎవరికీ చెప్పడు.

గుంటూరు_శ్రీను

బట్టలు, పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేయడం మంచిదేమో. మా నాన్నగారు అక్క గదిని అలాగే ఉంచేశారు, ఆ ఇంట్లో పెరగడం నాకు చాలా కష్టమైంది.

ఓరుగల్లు_వాసి

శ్రీను గారి కష్టం నిజమైనదే, అయినా తొందర వద్దు. మా బంధువులు మమ్మల్ని వేరే ఊరు తీసుకువెళ్లి, తిరిగి వచ్చేసరికి మా వాడి బట్టలన్నీ పంచేశారు. ఒక్క చొక్కా అయినా ఉంచమని మా ఆవిడ వారి కాళ్లు పట్టుకుంది. ఏది ఉంచాలో ఏది ఇవ్వాలో తల్లీ తండ్రీ కలిసి, వారికి చేతనైన రోజున నిర్ణయించుకోవాలి.

బెజవాడ_నాన్న

నిన్న రాత్రి సుజాత గారి మాటలు, టీచరమ్మ గారి మాటలు నా భార్యకు చదివి వినిపించాను. రేషన్ షాపు సంగతి కూడా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు, తరువాత "నన్ను కూడా తీసుకువెళ్లి ఉండవలసింది" అన్నది. ఇప్పటివరకు ఏ కార్యాలయానికీ ఆమెను రానివ్వలేదు, బాధపడుతుందని. తన బిడ్డ కాగితాలు తాను చూస్తానని చెప్పింది. బాబుతో ఆదివారం ఇద్దరం కలిసి మాట్లాడాలనుకున్నాం. డాక్టరు గారు చెప్పినట్టు ఆసుపత్రికి వెళ్లడానికి మాత్రం నాకు ఇంకా కాళ్లు ఆడడం లేదు.

మిగిలిన పెద్ద పని ఒకటి ఉంది. హాసిని పుట్టిన ఏడాది ఆమె పేరున పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచాం. పాసుపుస్తకం బీరువాలో ఉంది. దాన్ని ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరా?

విశ్రాంత_పోస్టుమాస్టరు

బాబూ, నేను ఈ కాగితాలు చాలా ఏళ్లు చూసినవాడిని. ఖాతాదారు మరణిస్తే ఆ ఖాతాను కొనసాగించే వీలు లేదు, మూసివేయాలి. పాసుపుస్తకం, మరణ ధ్రువీకరణ పత్రం, ఖాతా మూసివేత దరఖాస్తు, సంరక్షకుల గుర్తింపు పత్రాలు తీసుకుని వెళ్లండి. వడ్డీతో సహా మొత్తం సంరక్షకులకు చెల్లిస్తారు. ఆలస్యమైతే డబ్బు పోతుందని భయపడకండి. మరణించిన తేదీ వరకు పథకం వడ్డీ, ఆ తరువాత మూసే తేదీ వరకు పోస్టాఫీసు పొదుపు ఖాతా వడ్డీ వస్తాయి. కనుక మీకు మనసు కుదిరినప్పుడే వెళ్లవచ్చు. ఖాతా తెరిచినప్పుడు సంరక్షకులుగా ఎవరు సంతకం చేశారు?

బెజవాడ_నాన్న

నా భార్య.

విశ్రాంత_పోస్టుమాస్టరు

అయితే సంతకం ఆమెదే కావాలి, మీరు తోడుగా వెళ్లండి. ముందుగా ఒక మధ్యాహ్నం మీరు ఒంటరిగా వెళ్లి పోస్టుమాస్టరును కలిసి విషయం చెప్పి రండి. అలా చేస్తే కౌంటరులో కూర్చున్న కుర్రవాడు అందరి ముందు "పాప రాలేదా అమ్మా?" అని అడిగే పరిస్థితి రాదు. ఉదయం పూట వద్దు, అప్పుడు పింఛన్లవారితో వరుస పెద్దగా ఉంటుంది. రేషన్ కార్డులో పేరు తొలగించడానికి సచివాలయంలో ఇదే మరణ ధ్రువీకరణ పత్రం అడుగుతారు, కాబట్టి నకళ్లు ఎక్కువే తీయించుకోండి, అసలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.